నైట్లు, యుద్ధఖైదీలు, నేను చెప్పిన ఒక తప్పు పాఠం

1972 ఎండాకాలం. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఉత్తరాదిలో ఒక యుద్ధఖైదీల క్యాంపులో ముళ్లకంచె ఇవతల సెంట్రీ డ్యూటీ. కంచె అవతల, అంతకు కొద్ది నెలల ముందు తూర్పు పాకిస్తాన్‌లో ఆయుధాలు కింద పెట్టినవాళ్లు. అందరూ కలిపి 93 వేల మంది దాకా మన దేశంలో ఖైదీలుగా ఉన్న రోజులవి. వాళ్లకు రేషన్ వచ్చేది, ఇంటి నుంచి ఉత్తరాలు వచ్చేవి, నెలనెలా జీతం కింద కొంత అడ్వాన్సు కూడా అందేది. నా పల్లెటూరి బుర్రకు ఇది మింగుడు పడలేదు. మా సుబేదార్ సాబ్ తెనాలి వైపు మనిషి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "సాబ్, మనవాళ్ల మీద కాల్పులు జరిపినవాళ్లకి మనమే జీతాలివ్వడం ఏంటండీ?" అని. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, "ఒరే అబ్బాయ్, చేతులెత్తాక వాడు శత్రువు కాదురా, ఖైదీ. రూలు అది. పో, డ్యూటీ చూసుకో" అన్నారు.

ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న నాతోనే ఉండిపోయింది. తర్వాత నేను ఎడ్యుకేషన్ కోర్‌లోకి మారాను. 1980లలో జవాన్లకు జెనీవా ఒప్పందాల గురించి చెప్పే పని నా మీద పడింది. నా నోట్సులో మొదటి వాక్యం ఇలా ఉండేది: ఖైదీని గౌరవించడం, బలహీనులను కాపాడటం మధ్యయుగపు ఐరోపా నైట్లు లోకానికి నేర్పిన వీరధర్మం. ఒక బ్యాచ్‌లో 'నైట్' అనగానే వెనక వరుస నుంచి ఎవడో "నైట్ డ్యూటీయా సార్" అన్నాడు. క్లాసంతా నవ్వు. ఆ నవ్వులు సద్దుమణిగాక శ్రీకాకుళం కుర్రాడొకడు లేచాడు. "సార్, గుర్రం మీద ఉన్నాయనకి సరే. కింద నడిచే సిపాయి దొరికితే ఏటి సేసేవోరు?" అని అడిగాడు.

"అతనికీ అదే మర్యాద" అని చెప్పి కూర్చోమన్నాను. అది తప్పు. తప్పని తెలియడానికి నాకు పాతికేళ్లు పట్టింది. మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఆ జవాబు దిద్దుకోవడం కంటే మంచి పని నాకు కనబడలేదు.

ముందు ఈ నైట్ ఎవరో చూద్దాం. పాత ఇంగ్లీషులో ఆ మాటకు కుర్రాడు, పనివాడు అని అర్థం. ఫ్రెంచివాళ్లు 'షెవాలియే' అన్నారు, అంటే గుర్రం మనిషి. జర్మన్లు 'రిట్టర్' అన్నారు, అదీ స్వారీ చేసేవాడనే. మన 'రౌతు' కూడా ఆ కోవలోని మాటే కదా. షివల్రీ అన్న మాట ఈ గుర్రంలోంచి పుట్టిందే. ఇప్పుడు బస్సులో ఆడవాళ్లకు సీటివ్వడాన్ని షివల్రీ అంటున్నాం గానీ, మొదట్లో దాని అర్థం గుర్రపు దళం, దాని పనితనం. ఇనుప వలయాలతో అల్లిన కవచం, శిక్షణ పొందిన యుద్ధాశ్వం, కత్తి, బల్లెం, వెంట సేవకులు – వీటన్నిటికీ ఖర్చు పెట్టగలవాడే నైట్. 13వ శతాబ్దానికి ఈ ఖర్చు ఎంత పెరిగిందంటే, ఇంగ్లండులో అర్హత ఉన్నవాళ్లే మాకీ నైట్ హోదా వద్దు మొర్రో అని తప్పించుకోసాగారు. రాజు ఆస్తి ఉన్నవాళ్లను బలవంతంగా నైట్లను చేయాల్సి వచ్చింది, కానివాళ్ల దగ్గర జరిమానా వసూలు చేశాడు. ప్రమోషన్ వద్దని రాసిచ్చినవాళ్లను మన సర్వీసులోనూ చూశాం!

2009లో మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు టెంపుల్ చర్చి చూడటం తటస్థించింది. అక్కడ నేల మీద రాతి నైట్లు పడుకుని ఉంటారు. 1941 మే నెల బాంబుదాడిలో కాలి, పగిలిన రాతి బొమ్మలు. వాటిలో ఒకటి విలియం మార్షల్‌ది అని రాసి ఉంది. ఆయన పేరు పుస్తకాల్లో చూశానే గానీ కథ తెలియదు. మా అమ్మాయి లైబ్రరీ కార్డు పుణ్యమా అని ఆ రెండు నెలలూ ఆయన వెంట పడ్డాను.

మార్షల్ 1147 ప్రాంతంలో పుట్టాడు. ఐదారేళ్ల వయసులో అతన్ని స్టీఫెన్ రాజు బందీగా పట్టుకున్నాడు. న్యూబరీ దగ్గర కోట అప్పగిస్తానని తండ్రి మాటిచ్చి కొడుకును పూచీగా పెట్టాడు, తర్వాత మాట తప్పాడు. కుర్రాణ్ణి ఉరి తీస్తామని కబురు పెడితే, ఇంకా మంచి కొడుకుల్ని తయారుచేసుకునే సుత్తీ దాగలీ నా దగ్గరున్నాయని ఆ తండ్రి జవాబు పంపాడట. ఎంత గుండె! ఆ స్టీఫెన్ రాజుకే మనసొప్పక పిల్లవాణ్ణి చంపలేదు. ఆ పిల్లవాడే పెరిగి పెద్దవాడై ఐదుగురు రాజుల కాలం చూశాడు. 1215లో మాగ్నాకార్టా నాడు రాజు పక్షాన నిలిచాడు, చిన్నవాడైన మూడో హెన్రీకి సంరక్షకుడయ్యాడు. డెబ్బై ఏళ్ల వయసులో 1217లో లింకన్ యుద్ధంలో గుర్రమెక్కి ముందు నడిచాడు. 1219లో పోయాడు. ఆయన జీవితాన్ని 19 వేల పైచిలుకు పంక్తుల ఫ్రెంచి పద్యంగా రాయించారు.

ఇంత గొప్ప వీరుడు డబ్బు సంపాదించింది దేనిమీద అనుకున్నారు? టోర్నమెంట్ల మీద. అప్పటి టోర్నమెంటు సినిమాల్లో చూపించినట్టు ఇద్దరు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవడం కాదు. మైళ్లకొద్దీ పొలాల్లో రెండు దండులు నిజంగానే కొట్టుకునేవి. ఓడినవాణ్ణి పట్టుకుంటే వాడి గుర్రం, కవచం నీవి, వాడు విడుదలకు సొమ్ము కట్టాలి. మార్షల్, ఇంకో నైట్ కలిసి వాటాల మీద పది నెలల్లో 103 మంది నైట్లను పట్టుకున్నారని ఆ పద్యంలోనే ఉంది. గుమాస్తా లెక్క రాసి పెట్టాడు కాబట్టి తెలిసింది. వీరధర్మానికి అకౌంట్సు సెక్షన్ కూడా ఉండేదన్నమాట.

ఈ విడుదల సొమ్ము దగ్గరే నా పాఠం తప్పిన చోటు కనబడింది. యుద్ధంలోనూ ఇదే పద్ధతి. ఓడిన నైట్ తన కుడిచేతి తొడుగు తీసి ఇచ్చి మాటిస్తాడు. ఆ క్షణం నుంచి అతని ప్రాణానికి పట్టుకున్నవాడు జవాబుదారీ. కానీ ఖైదీ రాజుకి ఖైదీ కాదు, పట్టుకున్నవాడి సొత్తు. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. నూరేళ్ల యుద్ధం నాటికి ఇంగ్లీషు సైన్యంలో లాభంలో మూడోవంతు కెప్టెన్‌కు, కెప్టెన్ వాటాలో మూడోవంతు రాజుకు అనే లెక్క స్థిరపడింది. చంపితే పైసా రాదు, బతికిస్తే ఎస్టేటు వస్తుంది. దయకు ఇంతకంటే గట్టి పునాది ఏముంటుంది?

వెటకారంగా చెబుతున్నానని అనుకోకండి. ఆ పునాది మీద నిజంగానే గొప్ప కట్టడాలు లేచాయి. 1356 సెప్టెంబరు 19న ప్వాటియే యుద్ధంలో ఫ్రాన్సు రాజు రెండో జాన్ ఇంగ్లీషువాళ్లకు దొరికిపోయాడు. ఆ రాత్రి గెలిచిన బ్లాక్ ప్రిన్స్ ఎడ్వర్డ్ ఓడిన రాజుకు తానే నిలబడి భోజనం వడ్డించాడు, పక్కన కూర్చోమంటే కూర్చోలేదు. 1360లో సంధి కుదిరింది. విడుదల సొమ్ము 30 లక్షల బంగారు నాణేలు. కొంత కట్టి, మిగతా దానికి కొడుకులనూ ప్రభువులనూ పూచీగా పెట్టి రాజు ఇంటికెళ్లాడు. 1363లో కొడుకు లూయీ మాట తప్పి పారిపోయాడు. అప్పుడు తండ్రి ఏం చేశాడో తెలుసా? 1364 జనవరిలో తనంతట తానే లండన్ వెళ్లి మళ్లీ ఖైదీ అయ్యాడు. ఏప్రిల్‌లో అక్కడే చనిపోయాడు. వేరే రాజకీయ కారణాలు కూడా ఉన్నాయని చరిత్రకారులు అంటారు, ఉండొచ్చు. కానీ సింహాసనం మీదున్న మనిషి మాట కోసం తిరిగి జైలుకెళ్లడం చిన్న విషయం కాదు. యాభై ఏళ్లు యూనిఫారంతోనూ, ఆ జ్ఞాపకాలతోనూ బతికిన నాకు ఇక్కడ సెల్యూట్ కొట్టాలనిపించింది. ఖైదీని మాట మీద వదిలే ఏర్పాటును 'పరోల్' అంటాం. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం 'మాట' అనే.

మరి ఆ సొమ్ము ఎవరు కట్టారు? ఉప్పు మీద, సారాయి మీద, సరుకుల మీద పన్ను వేశారు. అప్పుడే 1360 డిసెంబరులో గుర్రం మీద రాజు బొమ్మతో 'ఫ్రాంకు' అనే కొత్త బంగారు నాణెం పుట్టింది. 2002లో యూరో వచ్చేదాకా ఫ్రాన్సు వాడిన పేరు అదే. గుర్రం మీదున్నాయన ఓడిపోయి దొరికితే, నేల దున్నేవాడు ఉప్పు పన్ను కట్టి విడిపించాడు.

అంతకు ముందే, రాజు ఇంకా చెరలో ఉండగానే, ఆ నేల దున్నేవాళ్లు తిరగబడ్డారు. 1358 మే నెలలో పారిస్ ఉత్తరాన మొదలైంది. మమ్మల్ని కాపాడతామని చెప్పి పన్నులు తింటారు, శత్రువు వస్తే పారిపోతారు, ఊళ్లు మాత్రం మావి తగలబడతాయి – ఇదీ వాళ్ల కోపం. ప్రభువుల ఇళ్ల మీద పడ్డారు, ఘోరాలు కూడా చేశారు, అది దాచనక్కర్లేదు. జూన్ 9న మో అనే పట్టణంలో యువరాజు భార్యతో సహా గొప్పింటి ఆడవాళ్లు చిక్కుకుపోయారు. ఆ దారినే ప్రష్యా నుంచి తిరిగొస్తున్న ఇద్దరు నైట్లు సంగతి విని వచ్చారు. ఒకరు ఫ్వా కౌంటు గాస్తోం, ఫ్రెంచి రాజు కింది ప్రభువు. రెండోవారు కాప్తల్ ద బ్యూష్ బిరుదున్న జాన్ ద గ్రాయీ, రెండేళ్ల కిందట ప్వాటియేలో ఇంగ్లీషువాళ్ల పక్షాన ఆ ఫ్రెంచి రాజు మీదనే పోరాడినవాడు. ఇద్దరూ కలిసి కవచాలు లేని జనం మీదికి గుర్రాలు తోలారు. వందల మందిని నరికారు. ఆ తర్వాత పట్టణానికే నిప్పు పెట్టారు. పాత పుస్తకాలు దీన్ని స్త్రీలను కాపాడిన వీరగాథగా చెబుతాయి. కాపాడిన మాట నిజమే. కానీ ఆ రోజు అక్కడ ఎవరి చేతితొడుగూ ఎవరూ తీసుకోలేదు.

1370లో లిమోజ్ కోట పడినప్పుడు ఊరి జనాన్ని బ్లాక్ ప్రిన్స్ మనుషులు చంపారు. ఫ్రాయిసార్ 3 వేల మంది అని రాశాడు. తర్వాత దొరికిన పత్రాలను బట్టి 300 ప్రాంతం కావచ్చంటున్నారు. అంకె సంగతి ఎలా ఉన్నా, అదే ఫ్రాయిసార్ కథలో గోడకు వీపు ఆనించి బాగా పోరాడిన ముగ్గురు ఫ్రెంచి ప్రభువులు లొంగిపోతే వాళ్ల ప్రాణాలు మాత్రం దక్కాయి. ప్వాటియేలో వడ్డించిన ప్రిన్సూ ఈయనే.

అటు వైపు నుంచి కూడా లెక్క సరిపోయిన సందర్భం ఒకటుంది. 1302 జులై 11న కోర్‌ట్రై దగ్గర ఫ్లాండర్స్ నేతపనివాళ్లు, చేతివృత్తులవాళ్లు కాలినడకన నిలబడి ఫ్రెంచి నైట్ల దండును బురద కాలవల్లో చిత్తు చేశారు. లొంగుతామన్నా ఖైదీలను తీసుకోకుండా చంపేశారు. చచ్చినవాళ్ల మడమల నుంచి తీసిన బంగారు పూత ముళ్లను – గుర్రాన్ని అదిలించే స్పర్‌లను – చర్చిలో వందలకొద్దీ వేలాడదీశారు. మర్యాద లేని మనుషులని నైట్లు ఏడ్చారు. తమకు ఎన్నడూ చూపని మర్యాద వాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు?

ఇక అజిన్‌కోర్ట్. 1415 అక్టోబరు 25. దీని గురించి నేను విలుకాళ్ల వ్యూహంగానే క్లాసులో చెప్పేవాణ్ణి – ఇరుకు మైదానం, వానకు నానిన దుక్కి, రెండు పక్కలా అడవి, పొడుగు విల్లులు. ఖైదీల సంగతి చెప్పేవాణ్ణి కాదు.

మధ్యాహ్నానికి ఫ్రెంచి మొదటి రెండు వరసలు కూలిపోయాయి. ఇంగ్లీషు వరసల వెనక ఖైదీల గుంపు పెరిగిపోయింది. అప్పుడే వెనక సామాను మీద దాడి జరిగిందన్న వార్త, ఎదురుగా మూడో వరస మళ్లీ కూడుకుంటోందన్న అనుమానం. ఐదో హెన్రీ దగ్గర మనుషులు తక్కువ. వెనక ఉన్న ఖైదీలు నేల మీద పడి ఉన్న ఆయుధాలు తీసుకుంటే? ముఖ్యులు కొందర్ని తప్ప మిగతావాళ్లను చంపేయమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఆయన కింది నైట్లు, కవచధారులు కదల్లేదు. మాటిచ్చినవాణ్ణి చంపడం అవమానం, పైగా చేతికందిన సొమ్ము పోతుంది. రెండిట్లో ఏది ఎక్కువ బరువో ఇప్పుడు తూచలేం. అప్పుడు హెన్రీ ఒక స్క్వైర్‌కు, అంటే ఇంకా నైట్ కాని యోధుడికి, 200 మంది విలుకాళ్లనిచ్చి ఆ పని అప్పగించాడు. ఫ్రెంచివాళ్లకు దొరికితే మీ కుడిచేతి వేళ్లు మూడు నరికేస్తారని యుద్ధానికి ముందు హెన్రీయే ఈ విలుకాళ్లకు చెప్పాడని ఆ కాలపు రాతల్లో ఉంది. నిజమో కాదో గానీ వాళ్లు నమ్మారు, నమ్మడానికి కారణాలున్నాయి. తమకు దక్కని మర్యాదను కాపాడాల్సిన బాధ్యత వాళ్లకెందుకు ఉంటుంది? వాళ్లు చంపారు.

ఆ రోజు బతికి బయటపడిన ఒకాయన ఘిల్‌బెర్ ద లనోయ్. తలకూ మోకాలికీ దెబ్బలు తగిలి శవాల మధ్య పడి ఉంటే పట్టుకుని, పది పన్నెండు మంది గాయపడ్డ ఖైదీలతో కలిపి ఒక ఇంట్లో పెట్టారు. ఆజ్ఞ రాగానే ఆ ఇంటికి నిప్పంటించారు. ఆయన చేతుల మీద పాకుతూ బయటపడ్డాడు. మళ్లీ దొరికాడు. ఈసారి ఒక ఇంగ్లీషు నైట్‌కు అమ్ముడుపోయాడు. 1200 బంగారు నాణేలూ, ఒక గుర్రమూ ఇచ్చి ఇల్లు చేరాడు. ఇదంతా ఆయనే రాసుకున్నాడు. ఒకే మధ్యాహ్నం ఒకే మనిషి ఖైదీ, చంపదగ్గ బరువు, మళ్లీ సరుకు. ఓర్లియన్ డ్యూకు చార్లెస్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పాతికేళ్లు ఇంగ్లండులో ఉండి 1440లో విడుదలయ్యాడు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకోటి. ఆ కాలపు ఫ్రెంచి రచయితలు కూడా హెన్రీని దీనికి పెద్దగా తిట్టలేదు. తిట్టింది ఎక్కువగా తమవాళ్లనే, అనవసరంగా మళ్లీ కూడుకుని ఈ అనర్థం తెచ్చారని. కమాండర్‌గా హెన్రీ స్థితి నాకు అర్థమవుతుంది. ఆ రోజు ఆయన చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో ధైర్యంగా చెప్పలేను. కానీ ఆజ్ఞ ఎవరికి ఇచ్చాడో చూడండి. నైట్ల చేతులు శుభ్రంగా ఉన్నాయి.

అప్పుడే వేరేగా ఆలోచించినవాళ్లు లేకపోలేదు. 1387 ప్రాంతంలో హోనొరే బూవే అనే ఫ్రెంచి మఠాధికారి యుద్ధధర్మం మీద పుస్తకం రాశాడు. దున్నేవాణ్ణి, వాడి ఎద్దును, దారినపోయే విద్యార్థిని పట్టుకుని సొమ్ము అడిగే హక్కు ఎవరికీ లేదన్నాడు. 1410లో క్రిస్టీన్ ద పిజాన్ అనే రచయిత్రి ఆ వాదనలను తన సైనికశాస్త్ర గ్రంథంలోకి తెచ్చింది. ఇంగ్లండులో కాక్స్‌టన్ 1489లో దాన్ని అచ్చువేశాడు. ఒక సన్యాసి, ఒక విధవరాలు – కత్తి పట్టనివాళ్లకు కనిపించింది పట్టినవాళ్లకు కనిపించలేదు.

అది రూలు కావడానికి ఇంకో నాలుగైదు వందల ఏళ్లు పట్టింది. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో లింకన్ సైన్యానికి లీబర్ రాసిచ్చిన నియమావళిలో ఆ మాట స్పష్టంగా ఉంది: ఖైదీ ప్రభుత్వానికి ఖైదీ, పట్టుకున్నవాడికి కాదు, పట్టుకున్నవాడికి విడుదల సొమ్ము కట్టడం చెల్లదు. 1907 హేగ్ నిబంధనల్లోనూ ఇదే. ఒక్క వాక్యంతో నైట్ల వ్యాపారం మూతపడింది. దాంతోపాటే డబ్బులేని సిపాయి ప్రాణానికి మొదటిసారి విలువ వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు ఎవడి ప్రాణానికీ ధర లేదు. 1949 మూడో జెనీవా ఒప్పందం అక్కడి నుంచే నడిచింది. నైట్ల వాసన మాత్రం పూర్తిగా పోలేదు. మాట మీద వదిలే పరోల్ అందులో ఉంది. ఖైదీ అయిన ఆఫీసరుతో బలవంతంగా పని చేయించకూడదు, సిపాయితో చేయించవచ్చు. జీతం అడ్వాన్సు కూడా ర్యాంకును బట్టే. అయినా ప్రాణం, తిండి, మందు, ఉత్తరం – వీటిలో ర్యాంకు లేదు.

1972లో నా కంచె అవతల ఉన్నవాళ్లలో ఎక్కువమంది సిపాయిలే. మోచేతి దాకా చొక్కా మడిచి, నీళ్ల పంపు దగ్గర వరసలో నిలబడి, నావంక చూసీ చూడనట్టు చూసేవాళ్లు. వాళ్లలో ఒక్కడికీ 1200 బంగారు నాణేలు తెచ్చే చుట్టం ఉండి ఉండడు. 1974 ఏప్రిల్ కల్లా అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

శ్రీకాకుళం కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. వాడూ పెన్షన్ తీసుకుంటూ ఉంటాడు. మన సంచిక చేతులు మారి మారి వాడి దాకా చేరితే, బాబూ, ఆ రోజు నువ్వడిగినదానికి జవాబు ఇది. కింద నడిచే సిపాయి దొరికితే, వాడి దగ్గర ఏమీ లేదని తెలిస్తే, ఒక్కోసారి ఎందుకూ పనికిరాడని వదిలేసేవారు, చాలాసార్లు చంపేసేవారు. నిన్ను కూర్చోమనకుండా ఉండాల్సింది.